పొయ్యి ఆరకుండా ఊరు మారాం

బ్రెనాక్ కోట, డకోటా, 1884 ఫిబ్రవరి

అమ్మకి నీ హొనోరా రాస్తున్నది. కోట ఎత్తేశారని పేపర్లో చూసి కంగారుపడకు, మేం నిక్షేపంగా ఉన్నాం. కట్టిన ఆరేళ్లకే సిపాయిలు జెండా దింపుకుని వెళ్లిపోయారు. వాళ్ల బట్టలు ఉతికే పీడ నాకు వదిలింది. రైలు పట్టాలేమో ఇక్కడిదాకా రాకుండా ఎనిమిది మైళ్ల అవతలే ఆగిపోయాయి. అందుకని కోట పక్కన వెలసిన మా ఊరు ఊరంతా ఇళ్ల కింద దుంగలు పెట్టి, మంచు మీద ఎడ్లతో స్టేషన్ దగ్గరికి లాక్కుపోతున్నాం.

నిన్న మా ఇల్లు గడ్డకట్టిన ఏరు దాటుతుంటే అడుగున మంచు పెటపెటలాడింది. "దిగవే, మునిగిపోతావ్!" అని మీ అల్లుడు ఒకటే అరుపు. "పొయ్యిలో రొట్టె పొంగుతోంది, దిగను. నువ్వు ఎడ్లని చూసుకో!" అన్నాను. గట్టెక్కేసరికి రొట్టె చక్కగా కాలింది. లాగినవాళ్లంతా తిని, స్టేషన్ దగ్గర రొట్టెల కొట్టు పెట్టమంటున్నారు. పెడతాను.

నాన్న దగ్గు తగ్గిందా? ఉల్లి విత్తనాలు, ఎర్ర ఉన్ని పంపు. చెల్లికి నా ముద్దులు. తిరిగొచ్చేయమని మాత్రం రాయకు.

అడ్రసు పాతదే రాయి. పోస్టాఫీసు కూడా మా వెనకే ఈడ్చుకొస్తున్నారు. ఈ కార్డు పరిగెత్తుకెళ్లి దాని కిటికీలోనే వేస్తున్నాను.