నీళ్లకు చదువు రాదు

నల్లగండ్ల,
ఆదివారం.

ప్రియమైన హరితా,

దీవెనలు నాకు నప్పవని నీకు తెలుసు, కాబట్టి ప్రేమతోనే మొదలుపెడుతున్నాను. మీ అమ్మ మోకాలు తప్ప ఇక్కడ అంతా క్షేమం. పూణేలో నీ గదిలోకి ఎండ బాగా వస్తోందని రాశావు, సంతోషం.

కొత్త ఉద్యోగంలో ప్రాజెక్టు షెడ్యూలు వేయమన్నారు, పనుల వరస ఎలా తేల్చాలి అని అడిగావు. ఇరవై ఏళ్లుగా అపార్టుమెంట్లకు షెడ్యూళ్లు వేసి బతుకుతున్నవాణ్ణి, అయినా ఈ నెల ఈరమ్మ దగ్గర మళ్లీ నేర్చుకున్నాను. మా సైటులో టైల్స్ పరిచే జట్టుకు ఆమె మేస్త్రీ.

బాత్‌రూములో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక మూడు రోజులు నీళ్లు నిలబెట్టాలి. కింద చెమ్మ లేదని చూశాకే టైల్స్ వేయాలి. శుక్రవారానికల్లా మోడల్ ఫ్లాటు చూపించాలని సైట్ ఇంచార్జి ఓంకార్ పట్టు. షెడ్యూల్లో ఆ మూడు రోజులూ లేవు. ఈరమ్మ తాపీ కింద పెట్టేసింది.

"నీళ్లు నిలవెట్టకముందే టైల్స్ ఎట్లేస్తం సారూ? రేపు కారితే అన్నీ పలగ్గొట్టాలె."

"నీకు షెడ్యూల్ చదవొస్తదా?" అన్నాడు ఓంకార్.

"నాకు చదువు రాదు సారూ. నీళ్లకు గూడ రాదు."

నా అలమరలోని లావుపాటి పుస్తకాలన్నీ ఈ మాట ముందు దిగదుడుపే. ఏ పని అయితేగాని ఏది మొదలుకాదో చేతులతో తెలిసిన మనిషి ఆమె. మైలురాయిని దగ్గరికి జరిపితే దారి తగ్గదు. ఇంత చిన్న సంగతి ఏసీ గదుల్లో ఎవరికీ ఎక్కదు, పైగా చెప్పినవాళ్లనే గేటు బయటికి నెడతారు. ఇదేం న్యాయం, నువ్వే చెప్పు.

ఓంకార్ వేరే జట్టుతో టైల్స్ వేయించాడు. శుక్రవారం ఫ్లాటు చూసి కంపెనీ పెద్దలు చప్పట్లు కొట్టారు. మరుసటి వారం కింది ఫ్లాటు సీలింగు చెమ్మగిల్లింది, టైల్స్ అన్నీ పగలగొట్టారు. తప్పు మాత్రం పని మధ్యలో వదిలేసిన ఈరమ్మ జట్టుదని రిపోర్టు రాశారు. ఇప్పుడామెను గేటు దగ్గరే ఆపేస్తున్నారు.

ఇంత కోపంగా రాశాను గాని, అసలు మాట దాచాను. ఓంకార్ అడిగాడు, నిజమే. షెడ్యూల్లోంచి ఆ మూడు రోజులూ తీసేసింది నేను. రిపోర్టు కింద సంతకమూ నాదే. కూలీల హక్కులంటూ సభల్లో గొంతు చించుకునే మీ నాన్నది.

పొద్దున పెద్దాఫీసుకు మెయిల్ పంపాను. వరస చెడగొట్టింది నేను, ఈరమ్మ చెప్పిందే నిజం, ఆమెను వెనక్కి పిలవండి అని రాశాను. నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. తర్వాత ఆమెకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను.

"మంచిది సారూ. ఈపారి నీళ్లు నిలవెట్టినంకనే పిలువుండ్రి," అంది.

ఆ రెండు పనులూ అయ్యాకే నీ ఉత్తరం ముందు వేసుకున్నాను. వరస గురించి నాకు తెలిసింది ఇంతే తల్లీ.

ఇట్లు,
మీ నాన్న
నరేందర్