ఇరుక్కున్న సూది

అమ్మా, నీ కోడలు రాసినట్టు నాకేం మతి పోలేదు, కంగారుపడకు. కొత్తగా కొన్న ఎలక్ట్రానిక్ సంగీతం రికార్డుకి అచ్చులోనే గాడి చెడి, సూది ఒకేచోట ఇరుక్కుని అదే ముక్క మళ్ళీ మళ్ళీ మోగింది. సంగీతమే అంత అనుకుని సాయంత్రమంతా కళ్ళు మూసుకుని తలూపాను. మార్చమని తీసుకెళ్తే కొట్టాయన పెట్టి విని, తనూ తలూపుతూ, "బాగానే ఉంది కదండీ" అన్నాడు. పోట్లాడి మంచిది తెచ్చాను.

ఇప్పుడు నీ కోడలు, "పాతదే నయం. ఆ దరువుకి నా కుట్టుమిషను చక్కగా నడిచేది" అని అలిగి కూర్చుంది. వెనక్కి అడిగితే కొట్టాయన ఇవ్వనంటున్నాడు.

నీ మోకాలు ఎలా ఉంది? అటక మీద నా పాత రికార్డుల్లో సూది ముందుకి కదలనివి ఉంటాయి, అవి వెంటనే పంపు. నాన్నకి నమస్కారాలు.

ఒక చెయ్యే కుట్టిన చొక్కాలో,
నీ కొడుకు