నొప్పుల పుస్తకం

అలెగ్జాండ్రియా,
ఆదివారం

ప్రియమైన బహీగా వదినకు,

రేపు పొద్దున నువ్వు రొట్టెల కోసం తాడు కట్టి దించే బుట్టలో ఈ ఉత్తరం వేస్తాను. ఒకే మేడలో నువ్వు అయిదో అంతస్తులో, నేను కింది వాటాలో ఉండి, ఉత్తరాలు రాసుకునే గతి పట్టింది మనకు. నవ్వుకో.

గుండె ఆసుపత్రిలో డాక్టర్ షాహినాజ్ నన్ను ఒక పరిశోధనలో చేర్చుకుంది. మెట్లెక్కితే ఛాతీ పట్టేసే మాలాంటివాళ్లకు రోజంతా పనిచేసే మందులు మూడు రకాలున్నాయి. ఏది మేలో చూడాలని ఒక్కొక్కటి రెండేసి వారాలు వాడించింది. మొదటిది పొద్దున్నే ఒక్క మాత్ర, తల పగిలిపోయేది. రెండోది పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఆ మధ్యాహ్నందే మరిచిపోయేదాన్ని. మూడోది గుండెల మీద అంటించే పట్టీ. పడుకునే ముందు పీకెయ్యాలి, లేకపోతే ఒళ్లు దానికి అలవాటు పడిపోయి మందు పనిచెయ్యదట. ఏడు నెలలైనా నువ్వు లేని రోజుకు మాత్రం నేను అలవాటు పడలేదు వదినా.

నొప్పి ఎన్నిసార్లు వచ్చిందో రోజూ రాయమని చిన్న పుస్తకమిచ్చింది. ఇవాళ దాన్ని తిరగేసి తల పట్టుకుంది.

"ఏంటమ్మా ఇది? ప్రతి గడిలో 'అల్‌హందులిల్లా' అని రాశారు!"

"ఎలా ఉన్నావంటే మరేమంటాం డాక్టరమ్మా? దేవుడి దయ."

"దేవుడి దయని నేనెలా కూడను? నాకు అంకె కావాలి."

"అయితే సున్నా."

"మూడు మందులకీనా? సరే, ఎన్ని మెట్లెక్కారు?"

"అదీ సున్నానే."

"మరి మందు పనిచేసిందో, మీరు కదలకుండా కూర్చున్నారో నాకెలా తెలుస్తుంది?"

ఇంకో వారం పట్టీ వేసుకుని మామూలుగా తిరగమంది. మెట్లు మెల్లగా ఎక్కొచ్చట. ఛాతీ పట్టేస్తే ఆగి కూర్చోవాలి, తగ్గకపోతే నాలుక కింద మాత్ర పెట్టుకోవాలి. ఇలాగే కూర్చుంటే నా పేరు తీసేస్తుందట. వదినా, నాకెక్కడ నొప్పిగా ఉందని అడిగే చోటు ఈ ఊళ్లో అదొక్కటే. అదీ పోతుందేమోనని భయంగా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మెట్లెక్కొద్దని నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. పైకి రాలేనని నీకు కబురు పంపడానికి నేను అల్లిన అబద్ధం అది. మా ఆయన పోయిన నలభయ్యో రోజున అందరి ముందూ నువ్వన్న మాట, "దీని గుండెకి సేవ చేసీ చేసీ నా తమ్ముడి గుండె ఆగిపోయింది" అన్న ఆ మాట, నాలో దిగిపోయింది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. ఆయాసపడుతూ పైదాకా వచ్చి తలుపు కొడితే, నువ్వు తియ్యకపోతే?

నీ మరదలు,
ఇన్షిరాహ్


సోమవారం

ఒసే ఇన్షిరాహ్,

అన్నాను. తమ్ముడు పోయిన కడుపుమంట ఎవరో ఒకరి మీద చూపించాలి, ఎదురుగా నువ్వు దొరికావు. తప్పు నాదే. వారం తిరక్కుండానే నాకు తెలిసొచ్చింది. కానీ ఈ మోకాళ్లతో కిందికి దిగితే మళ్లీ ఎక్కలేను, నోరు తెరిచి పిలవడానికి పొగరు అడ్డొచ్చింది.

నువ్వు అంతస్తుకొకసారి ఆగాలి కదా. అందుకని వాచ్‌మన్ సాబిర్ చేత నా భోజనాల బల్ల కుర్చీలు నాలుగు తీయించి, నాలుగు అంతస్తుల్లోనూ మెట్ల దగ్గర వేయించాను. అవి ఆరు నెలలుగా అక్కడే ఉన్నాయి. మూడో అంతస్తు కుర్చీలో పక్కవాళ్ల పిల్లి సంసారం పెట్టింది. కూరగాయల సంచులతో వచ్చేవాళ్లందరూ కూర్చుని నాకు దండాలు పెడుతున్నారు. ఎవరి కోసం వేశానో ఆ మహాతల్లి ఒక్క మలుపు తిరిగి చూడలేదు!

బల్ల దగ్గర ఇంక రెండే మిగిలాయి. ఒకదాంట్లో నేను కూర్చుంటాను.

బహీగా


ఆదివారం

డాక్టర్ షాహినాజ్ గారికి,

పుస్తకం నర్సమ్మకిచ్చి వెళ్తున్నాను. వదిన ఇంట్లో పొయ్యి మీద ములూఖియా ఆకుకూర ఉంది, ఆలస్యమైతే తిడుతుంది. అందుకే ఈ ముక్క రాసి పెడుతున్నాను.

ఈసారి అంకెలు రాశాను. మొదటిరోజు రెండో అంతస్తు దగ్గర పట్టేసింది, కూర్చుంటే తగ్గింది. మూడో అంతస్తులో పిల్లి లేవనంది, దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. పైకి చేరేసరికి తలుపు కొట్టే పని పడలేదు. తెరిచే ఉంది. వదిన గుమ్మం పట్టుకుని నిలబడి, "ఎనభై నాలుగు మెట్లకి ఏడు నెలలా!" అని అరిచి, ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఈ వారం ఆరుసార్లు పైకి వెళ్లాను. ఎక్కిన మెట్లు రాయడానికి మీ పుస్తకంలో గడి లేదు, అంచున రాశాను. నాలుక కింద పెట్టుకున్న మాత్ర ఒకటి. వచ్చిన నొప్పులు నాలుగు.

అల్‌హందులిల్లా.

ఇట్లు,
ఇన్షిరాహ్