అడ్వకేటు సంతకం చేసే చోటు

జూన్ 8, సోమవారం
ఇస్త్రీ అక్కను బిల్డింగు ఓనరు గెంటేస్తున్నాడు. పందొమ్మిదేళ్లుగా ఆ మెట్ల కింది గదే ఆవిడకు ఇల్లూ, కొట్టూ. నోటీసు లేదు, కోర్టు ఆర్డరు లేదు. శుక్రవారం ఎనిమిదింటికి గోడ కూల్చేస్తాడట!

మా లా కాలేజీ లీగల్ క్లినిక్‌లో ఈ వారం డ్యూటీ నాది. సాయం కోసం అక్కడికొచ్చిన అక్క నన్ను ఎగాదిగా చూసి, నువ్వు లాయరువా అమ్మాయ్ అంది. ఇంకా కాదు, మూడో సంవత్సరం అన్నాను. మరి శుక్రవారం లోపల అయిపోతావా అంది. పక్క టేబుల్ వాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

జూన్ 9
స్టే పిటిషన్ పదకొండు పేజీలు వచ్చింది. నేను చదివిన కరపత్రాలన్నీ అందులోకి దూకాయి. క్లినిక్‌లో రాసేది మేము, సంతకం పెట్టేది అడ్వకేటు మేడం. ఆవిడ చదివి, దోపిడీ తొమ్మిదిసార్లుంది, ఆవిడ ఎన్నేళ్ల నుంచి ఉంటోందో ఒక్కసారీ లేదు, ఇది జడ్జికి ఉపన్యాసమా తల్లీ అన్నారు. రెండు పేజీలు చేసి రేపు తెమ్మన్నారు.

జూన్ 10
కుదించలేదు. కుదిస్తే అక్క నోరు నొక్కినట్టే అనిపించింది. అడ్వకేటు సంతకం చేసే చోట నేనే గీకేసి, కోర్టు కౌంటర్లో ఇచ్చేశాను. తీసుకున్నారు!

స్టే వచ్చేసినట్టేనని అక్కతో చెప్పాను. ఇస్త్రీకని నేను తెచ్చిన చొక్కా లాక్కుని, కోర్టులో తిరిగేదానివి, ఈ ముడతలేంటే అంటూ ఇస్త్రీ చేసి ఇచ్చింది.

జూన్ 11, మధ్యాహ్నం 2
తిప్పి పంపారు. సంతకం చేసినవారు అడ్వకేటు కాదట.

సాయంత్రం 5
మేడం తిట్టలేదు. అన్నం డబ్బా పక్కకు నెట్టి, నలభై నిమిషాల్లో రెండు పేజీలు రాసి, సంతకం పెట్టి పరుగెత్తారు. అప్పటికే జడ్జి బెంచి దిగి వెళ్లిపోయారు. రేపు పదిన్నరకు పిలుస్తారట.

గోడ ఎనిమిదింటికి. ఆ రెండున్నర గంటలు నేను చేసినవే.

అక్కకు చెప్పాను. నువ్వే పెట్టావా సంతకం అంది. అవునన్నాను. బొగ్గుల పెట్టె మూత తీసి, మళ్లీ మూసి, పోనీ చక్కగా అన్నా పెట్టావా అంది. చెంప మీద కొట్టినా బాగుండేది.

సాయంత్రం 6
మా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి. ఉపన్యాసం వద్దు.

తప్పు నాది. రేపు పదిన్నర దాకా గోడ నిలవాలి. పొద్దున ఏడున్నరకు, మెట్ల కింది గది దగ్గర. తలా ఒక నలిగిన చొక్కా తెండి. ఇస్త్రీకి వరసలో నిలబడదాం.