గేటు దగ్గర అడిగిన పేరు

కొండాపూర్ నుంచి

చిరంజీవి తమ్ముడు మల్లేశుకు, అక్క మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ బావ క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అనసూయ, పసిపాప, చిన్నమ్మ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. పాప పాలు బాగా తాగుతోందా? అనసూయ నడుం నొప్పి తగ్గిందా? నామీద కోపం ఉంటే ఉండనీ, ఈ ఉత్తరం మాత్రం చివరిదాకా చదువు. సగం చదివి చూరులో దోపేస్తావని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ నీ కోపం అంతే.

మేం ఒక రేకుల గదిలో ఉంటున్నాం. కిరాయి ఎక్కువే గానీ మాదాపూర్‌లో పనికి నడిచిపోవచ్చు. చుట్టూ అంతా బండలే. రోజూ ఎక్కడో ఒకచోట పేలుస్తుంటారు, ఇంట్లో గిన్నెలు గలగలమంటాయి. మీ బావ కట్టుబడి పనికి పోతాడు. నేను అద్దాల మేడలో ఊడ్చి తుడిచే పనిలో కుదిరాను. లోపల ఏసీ చలికి మొదట్లో రోజంతా ముక్కు కారేది, ఇప్పుడు అలవాటైంది. ఇక్కడి జొన్నపిండి మన పిండిలా సాగదు, రొట్టె చేస్తే విరిగిపోతుంది. అయినా తిండికి లోటు లేదు, ఫికర్ పెట్టుకోకు.

పనిలో చేరిన రోజు సూపర్‌వైజర్ పేరు అడిగాడు. పెంటమ్మ అని చెప్పగానే రాస్తున్నవాడు ఆగిపోయాడు. "గీ పేరు కార్డు మీద ఎట్ల రాస్తమమ్మా? లోపల ఫారినోళ్లు తిరుగుతరు. పద్మ అని రాస్తున్న, సరేనా?" అన్నాడు. సరే అన్నాను. అబద్ధమెందుకు, నాకు సంతోషమే అయింది. బళ్లో నా పేరు పిలిచినప్పుడల్లా పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు, నీకు గుర్తుందో లేదో. ఇంటికొచ్చి కార్డు మెడలో వేసుకుని అద్దంలో చూసుకున్నాను. "పద్మగారూ, జర మంచినీళ్లియ్యండి" అని మీ బావ ఏడిపించాడు. ఈ సంగతి నీకు రాయాలని మాత్రం తోచలేదు.

ఇక నువ్వు వచ్చిన రోజు సంగతి. మధ్యాహ్నం మేం ఆడవాళ్లం మెట్ల కింద సద్దులు విప్పుకుని కూర్చున్నాం. గేటు కాపలా అంజయ్య నీళ్ల కోసం లోపలికి వచ్చాడు. "ఎవరో ఊరాయన వచ్చిండు. పెంటమ్మ ఉన్నదా అంటడు. గట్లాంటి పేరుగల్లోళ్లు ఈడ ఎవరున్నరయ్యా, పో అన్న" అని చెప్పాడు. అందరూ నవ్వారు. తమ్ముడూ, నేనూ నవ్వాను. నువ్వేనని గుండెకు తెలిసింది. పెంటమ్మలు ఎంతమంది లేరు, ఎవరి కోసమో అయ్యుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వాళ్లంతా పనికి లేచిన తర్వాత ఒక్కదాన్నే గేటుకు పోయాను.

"పోయిండు. చానసేపు ఎండల నిలబడ్డడు. తెల్లంగి, చేతిల సంచి" అన్నాడు అంజయ్య. "నీకేమైతడు?" అని అడిగాడు.

తెలిసినాయన అన్నాను. బస్సులు ఆగే చోటుదాకా ఉరికాను. నువ్వు కనిపించలేదు. ఏదో పని మీద పట్నం వచ్చి నన్ను చూసిపోదామనుకున్నావేమో, ఉత్తరం రాస్తావులే అనుకుని ఊరుకున్నాను. నా బుద్ధి అప్పుడు ఎక్కడ పోయిందో.

ఆ వారంలోనే మీ బావ తనతో పనిచేసే బిహారు అతన్ని అన్నానికి పిలుచుకొచ్చాడు. అతని పేరు ఘూరా. మాట కలపడానికి ఆ పేరుకు అర్థమేమిటని అడిగాను. వచ్చీరాని తెలుగులో చెప్పాడు. "చెత్త కుప్ప ఉంటది కదా భాభీ, అది. మా అమ్మకు ముందు పిల్లలు బతకలేదు. నన్ను కుప్ప మీద పెట్టింది. కాన్పు చేసిన దాయీ ఎత్తుకున్నది. బతికిన." మీ బావ నావైపు చూశాడు. నేను నీళ్లు తెస్తానని లేచి బయటికి వెళ్లిపోయాను. అమ్మ కూడా నా ముందు ఇద్దరిని పోగొట్టుకుని, నన్ను చాటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచింది కదా. మేనత్త ఎత్తుకుని, తనకు దొరికిందని చెప్పి, ఇంత తవుడు తీసుకుని అమ్మకు నన్ను అమ్మింది. ఎవరికీ అక్కర్లేని పిల్ల అనుకుని చావు పక్కనుంచి పోతుందని వాళ్ల ఆశ. ఎక్కడి బిహారు, ఎక్కడి పాలమూరు, అక్కడి తల్లికీ ఇదే ఆలోచన వచ్చింది. మేస్త్రీ ఎంత దూరం నుంచి పిలిచినా ఘూరా గట్టిగా పలుకుతాడట. ముఖాన నీళ్లు చల్లుకుని, చెంబు నింపుకుని లోపలికి వచ్చాను.

పోయిన ఆదివారం మన ఊరి సాయిలు పని వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చాడు. అతను చెప్పేదాకా నాకు తెలియదు. "నిన్ను తోల్కపోదామనే వచ్చిండక్కా. తెల్లారితే పాపను కుప్ప మీదికెల్లి ఎత్తుకోవాలె. మేనత్తనే ఎత్తుకోవాలె గద. నువ్వు ఆడ లేవన్నరంట. ఇగ పక్కింటి బాలమ్మ ఎత్తుకున్నది. పాపకు నీ పేరే పెట్టిండ్రు" అన్నాడు.

మల్లేశూ, అనసూయ రెండుసార్లు కడుపుకోత పడింది. మూడో బిడ్డను ఆ కుప్ప మీద పెట్టి ఎంత వణికిపోయి ఉంటుందో. ఆ పొద్దున ఎత్తుకోవలసిన నేను ఇక్కడ పద్మనై బాత్రూములు కడుగుతున్నాను. నన్ను బతికించిన పేరును నేను కాదన్నాను, నువ్వు దాన్ని తీసుకెళ్లి నీ బిడ్డకు పెట్టుకున్నావు. నీకు ఎట్లా మొఖం చూపించాలో తెలియడం లేదు.

మా మేడలో మందులిచ్చే నర్సు ఏస్తేరుగారిది గుంటూరు. ఏడుస్తుంటే చూసి పక్కన కూర్చోబెట్టుకుంది. "మా నాయనమ్మ ఎంకమ్మండి. బాప్తిస్మమప్పుడు మార్తమ్మని పెట్టారు. ఇంటి యజమానురాలని అర్థమంట, ఏ దూరదేశపు మాటో. చర్చిలో మార్తమ్మ, చేలో ఎంకమ్మ. ఎలా పిలిచినా పలికేదండి. పేర్లు రెండున్నా ఫరవాలేదు, పలక్కపోతేనే పిలిచినోళ్లకి కష్టం" అంది. ఆమె నన్ను ఓదార్చడానికే చెప్పింది గానీ నాకు ఇంకా ఏడుపొచ్చింది.

కార్డు మార్చమని సూపర్‌వైజర్‌ను అడిగాను. కొత్త కార్డులు వచ్చినప్పుడు చూద్దామన్నాడు. అందుకని గేటు దగ్గర కాపలావాళ్లందరికీ నేనే పోయి చెప్పాను, నా అసలు పేరు పెంటమ్మ అని, ఆ రోజు వచ్చినవాడు నా తమ్ముడని. అంజయ్య తల దించుకున్నాడు. మిగతావాళ్లు నవ్వారు. ఇప్పుడు ఆవరణంతా వినబడేలా ఆ పేరుతోనే పిలుస్తారు. ఇప్పటికీ నా ముఖం వేడెక్కుతుంది. అయినా పలుకుతున్నాను.

వచ్చే నెల సెలవు అడిగాను. ఆ పొద్దు మళ్లీ రాదని తెలుసు. వచ్చి గడప దగ్గర నిలబడతాను, అనసూయ చేతికిస్తే పాపను ఎత్తుకుంటాను. ఏస్తేరుగారి పాత నేత చీర చింపి రెండు జుబ్బాలు కుట్టాను, ఊరికి తిరిగి పోతున్న సాయిలుతో పంపుతున్నాను, మెత్తగా ఉంటాయి. రేపు బళ్లో పిల్లలు ముక్కు మూసుకుంటే పాపకు ఇంకో పేరు కూడా పెట్టుకోండి. ఈ పేరుకు పలకడం మాత్రం మాన్పించకండి.

చిన్నమ్మకు నా దండాలు, ఆమె దీవెన నాకు కావాలి. బాలమ్మకు నా తరఫున చేతులెత్తి మొక్కు. అనసూయ ఆరోగ్యం జాగ్రత్త. ఎప్పుడైనా పట్నం వస్తే గేటు దగ్గర మళ్లీ అదే పేరు అడుగు తమ్ముడూ. ఒక్కసారి అడుగు.

ఎప్పటికీ మీ అక్క, పాప మేనత్త,
పెంటమ్మ