ఆపమన్న చెయ్యి

గురువారం, సెక్టర్ 7

గచ్చు రెండుసార్లు కడిగినా, నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పే గదిలో ఇంకా నెత్తురు వాసనే వస్తోంది.

హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలోని ఒక షెడ్డులో నా విద్యార్థి అప్పలరాజు క్రేన్ నడుపుతాడు. ఇంకో విద్యార్థి సింహాచలం కింద నిలబడి చేతి సైగలతో అతనికి దారి చూపుతాడు. శనివారం ఇంగ్లీషు మాట్లాడే పరీక్షలో ఇద్దరూ జంటగా చర్చించాలి. నెగ్గితేనే విదేశంలో ఉద్యోగం. అందుకే వారి పని భాషలోనే చెప్పాను: బరువు తిప్పేముందు సైగ చేసినట్లే, మాట తిప్పేముందు 'ఆన్ ది అదర్ హ్యాండ్' అనాలి, తెలిసిన సంగతి చెప్పేముందు 'ఫర్ ఎగ్జాంపుల్' అనాలి.

ఈరోజు నేనిచ్చిన అంశం, ప్రమాదాలకు బాధ్యులెవరు. సింహాచలం పగతో కాదు, నేర్పిన క్రమంలోనే, 'ఫర్ ఎగ్జాంపుల్' అని, అప్పలరాజు తండ్రి సొంత అజాగ్రత్త వల్లే షెడ్డులో చనిపోయాడన్నాడు.

"ఏటన్నావురా?" అంటూనే అప్పలరాజు ఇనుప కుర్చీతో అతని మూతి మీద కొట్టాడు. పన్ను ఊడి నా బల్ల మీద పడింది. కుర్చీ మళ్లీ లేచింది. నా కేకలు అతనికి వినబడలేదు. సింహాచలం నేల మీదనుంచే చెయ్యి చాచి, అరచేయి కిందికి పెట్టి అడ్డంగా ఊపాడు. క్రేన్ ఆపమనే సైగ అది. కుర్చీ గాలిలోనే ఆగిపోయింది.

ఆ చెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగా లేచి ఉంటే...

సింహాచలానికి కుట్లు వేయించి తీసుకువస్తూ, శనివారానికి జంట మార్పించమంటావా అని అడిగాను.

"ఒద్దు మేస్టారూ," అన్నాడు వాచిన పెదవులతో. "నేనాపితే ఆడు ఆగుతాడు."