మిరప కళ్లంలో మధ్యాహ్నం ఆట

చిలకలూరిపేట,
18 మార్చి 2025, మంగళవారం.

ప్రియమైన షాహిస్తాకి,

కోటేశ్వరక్క దీవెనలు. నువ్వూ, మీ ఆయనా, పిల్లలిద్దరూ వాడరేవులో కులాసాగా ఉన్నారనీ, మీ టిఫిన్ హోటలు శని ఆదివారాల్లో ఖాళీ లేకుండా నడుస్తోందనీ మీ అమ్మ చెబుతూనే ఉంది. నేనూ కులాసానే. మోకాళ్లు మాత్రం నా మాట వినడం మానేశాయి. ఈ ఎండల్లో ఉపవాసాలు మీకు తేలిగ్గా గడుస్తున్నాయని తలుస్తాను.

తొమ్మిదేళ్ల తర్వాత నా దస్తూరి చూసి కవరు చించకుండానే పక్కన పెట్టేస్తావేమో అనుకున్నాను. ఇక్కడిదాకా చదివావంటే కాస్త ఓపిక పట్టు. నీ కోపం ఎందుకో నాకు తెలుసు. నాటక పరిషత్తు పోటీకి నాలుగు రోజుల ముందు మీ అన్న జాన్ బాషా వచ్చి, మా చెల్లిని ఇక స్టేజీ ఎక్కించొద్దని అడిగితే, ఒక్కమాట ఎదురు చెప్పకుండా తలూపి, నీ వేషం విజయవాడ నుంచి వచ్చిన నటికి ఇచ్చేశానని కదా. పధ్నాలుగేళ్లు నా ప్రతి నాటకానికీ ప్రాణం పోసినదానివి. ఆ మాటకి తర్వాత వస్తాను. ముందు ఈ వార్త చెప్పేస్తే గానీ నాకు ఊపిరాడదు.

మొన్న శనివారం మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకి, మిరప కళ్లంలో నాటకం ఆడించాను షాహిస్తా. లైట్లు లేవు, తెర లేదు, మేకప్పు లేదు. నాలుగెకరాల కాయ ఎర్రగా ఆరబోసి ఉంటే దాని పక్కనే, టార్పాలిన్ పట్టా పరిచి, నూటయాభై మంది కూలీ ఆడవాళ్ల ముందు. ముప్ఫై మూడేళ్లుగా నాటకాలు రాస్తున్నాను, ఆడిస్తున్నాను. ఇట్లాంటి ఆట నేనెప్పుడూ చూడలేదు.

ఇదెట్లా మొదలైందో చెప్తాను. నువ్వు వెళ్లాక పదకొండు నాటకాలు వేశాం. షీల్డులు బీరువా మీద పట్టక మంచం కిందికి కూడా చేరాయి. హీరోయిన్ని ప్రతిసారీ బయటినుంచి తెచ్చుకోవడమే. ఆవిడ రెండు రిహార్సళ్లకి వచ్చేది, బహుమతి పుచ్చుకుని బస్సెక్కేది. ఇక చూసేవాళ్లంటావా, ముగ్గురు న్యాయనిర్ణేతలూ, తమ వంతు కోసం కాచుకుని కూర్చున్న మిగతా నాటక సమాజాల వాళ్లూనూ. మన పేట మనిషి ఒక్కడు కనపడితే గొప్ప. పోయిన జూన్‌లో బడి నుంచి రిటైరయ్యాక పెద్ద నాటకం ఒకటి రాసి పరిషత్తుకి పంపాను. జనవరిలో మా హీరోకి టీవీ సీరియల్లో వేషం దొరికింది. ఫోన్లో సారీ మేడం అన్నాడు, అంతే. నాటకం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పది రోజులు నేనెవరితోనూ మాట్లాడలేదు.

ఫిబ్రవరిలో, ఏడాదికి సరిపడా కారం కొట్టించుకుందామని కాయల కోసం వీరాంజనేయులు గారి కళ్లానికి వెళ్లాను. వాళ్లబ్బాయి నా దగ్గరే పదో తరగతి చదివాడు. అక్కడ కూలీలు రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఆదెమ్మ అని, యాభై దాటిన మనిషి, రైతు నడకా, దగ్గూ, ఫోన్లో మాట్లాడే తీరూ దించేస్తోంది. చేతులు మాత్రం కాయ ఏరడం ఆపలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నేను కాయలు కొనడం మర్చిపోయి అక్కడే కూలబడ్డాను.

మర్నాడు వెళ్లి నాటకం వేస్తారా అని అడిగాను. సాయంత్రాలు కుదరదన్నారు. ఇంటికెళ్తే పొయ్యి, నీళ్లు, పిల్లలు. చూసేవాళ్లకైనా అంతే కదా అన్నారు. ఇన్నేళ్లలో నేనెన్నడూ అడగని ప్రశ్న అది. మా ఆటలు చూడ్డానికి ఈ ఆడవాళ్లు ఎందుకు రారు అని. సరే, మధ్యాహ్నం అన్నం వేళే వేద్దాం అన్నాను.

నాటకం పేరు ‘బారెడు నీడ’. ఎండలో కూర్చుని కాయ ఏరే కూలీలు, చంటిపిల్లల్ని పడుకోబెట్టుకోడానికి కాస్త నీడ కావాలని రైతుని అడగడం, అదే కథ. రైతు వేషం ఆ కూలీల్లోనే మహిమ అనే ఆమెకి ఇచ్చాను. మహిమ చర్చిలో వాక్యం చదివే మనిషి. ఆమె నోరు తెరిస్తే ఆఖరి వరసకి కూడా వినపడాల్సిందే. ఆదెమ్మకి చదువు రాదు. మహిమ చదివి వినిపిస్తుంటే కాయ ఏరుతూనే నేర్చుకుంది. నేర్చుకోవడమే కాదు, నన్ను దిద్దింది కూడా. దయచేసి మా గురించి ఆలోచించండి అని నేను రాసిన మాట ఎన్నిసార్లు చెప్పినా పలకలేదు. చివరికి, ‘‘ఏ కూలిమనిషి అట్లా అడుగుద్దండీ? అది మీరు అడిగినట్టుంది’’ అంది. కామా పోయినా ఊరుకునేదాన్ని కాదని నీకు తెలుసుగా. ఆ రోజు ఇంటికొచ్చి నాలుగు పేజీలు కొట్టేశాను.

కళ్లం అడిగినప్పుడు వీరాంజనేయులు గారు పద్యాలుంటాయా అన్నారు. ఉండవండీ, మాటలే అన్నాను. ఎవరి మాటలో చెప్పలేదు.

షామియానా మీ బాషాయే వేశాడు. పనివాళ్లని పంపకుండా తనే వచ్చి గుంజలు పాతాడు. ఉపవాసంలో ఉండి, అంత ఎండలో, పెదవులు ఎండిపోతున్నా నీళ్లు ముట్టకుండా. పని కాగానే వెళ్లిపోతాడనుకున్నాను. తాళ్ల చుట్ట మీద కూర్చుండిపోయాడు.

ఆట మొదలైంది. పావుగంట గడిచేసరికి దక్షిణపు గాలి తిరిగి ఘాటంతా మా మీదికి కొట్టింది. సరిగ్గా ఆదెమ్మ సొమ్మసిల్లే ఘట్టం. సొమ్మసిల్లిన మనిషి పడుకునే తుమ్మింది. మహిమ తుమ్మింది, పెట్టుడు మీసం ఊడింది. ముందు వరసంతా తుమ్ములు. అయిపోయింది, ఆట చెడిపోయింది అనుకున్నాను. మహిమ మీసం తీసి జేబులో పెట్టుకుని, ‘‘మీరు పడిపోతే పడిపోండి గానీ నా కాయ తడపమాకండి’’ అంది. నేను రాయలేదే ఆ మాట! జనం గొల్లున నవ్వారు, మళ్లీ ఆటలో పడ్డారు.

అసలు సంగతి ఇప్పుడు విను. రైతు నీడ ఇవ్వనంటాడు. కాయకి ఎండ కావాలి, మీకు నీడెందుకు అంటాడు. ఆ మాటకి, గోడవారగా కుర్చీలో కూర్చున్న వీరాంజనేయులు గారు లేచి నిలబడ్డారు. మొహం కందిపోయింది. ‘‘నేనట్లా ఎప్పుడన్నాను?’’ అన్నారు.

ఆడుతున్నవాళ్లందరికీ మర్నాడు పని ఇవ్వాల్సింది ఆయనే. లేచి దణ్ణం పెట్టి ఆట ఆపేద్దామని కాలు కదిపాను. ఈలోగా ఆదెమ్మ ఆయన వైపు తిరిగింది. భయపడలా, వేషంలోంచి బయటికీ రాలా. ‘‘అన్లేదండీ,’’ అంది మెల్లగా. ‘‘మేం అడగందే మీరెట్లా అంటారు? ఇదే అడగడం.’’

ఆయన కుర్చీ మూడడుగులు ముందుకి జరుపుకుని కూర్చుని, కానివ్వండి, మిగతాది చూద్దాం అన్నారు. షాహిస్తా, ఇది కాగితం మీద ఎట్లా రాయను? ఎన్ని షీల్డులు తెచ్చినా, నా నాటకం చూసి ఒక మనిషి కుర్చీ ముందుకి జరుపుకోవడం నేను చూడలేదు.

ఆట అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చి, రైతుకి అంత పెద్ద మీసం అక్కర్లేదండీ అని మాత్రం చెప్పి వెళ్లారు. నిన్న పొద్దున ఆ దారినే వెళ్తూ చూశాను. కళ్లానికి తూర్పు పక్కన నాలుగు కర్ర బాదులు పాతి పచ్చ నెట్టు కట్టించారు. దాని కింద రెండు చీర ఉయ్యాలలు ఊగుతున్నాయి.

రెండో ఆట ఏప్రిల్ పన్నెండు శనివారం, హైవే మీది స్పిన్నింగ్ మిల్లులో, అన్నం బెల్లు కొట్టాక. ఈసారి ముఠా మేస్త్రి వేషం కలిపాను. రాస్తున్నంతసేపూ నీ గొంతే వినపడింది. వస్తావా? వేషం వెయ్యకపోయినా సరే, చూడ్డానికైనా రా.

నీ ఎదురుచూపుల్లో,
మీ అక్క
కోటేశ్వరి

తా.క.: ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ ఆట కబుర్లు రాసి ఆపేశాను. ఇప్పుడు చెప్పాల్సింది చెప్తాను.

శనివారం జనమంతా వెళ్లాక బాషా షామియానా విప్పుతూ, ‘‘మా చెల్లి నాతో ఎందుకు మాట్లాడదో మీకేమన్నా తెలుసా మేడం?’’ అని అడిగాడు. తెలియదన్నాను.

నాకు తెలుసు. తొమ్మిదేళ్ల కిందట ఆ రోజు మీ అన్న మా ఇంటికి వచ్చిన మాట నిజం. నిన్ను స్టేజీ ఎక్కించొద్దని చెప్పడానికి కాదు. అమ్మని కూడా తీసుకొస్తాను, ముందు వరసలో రెండు కుర్చీలు ఉంచుతారా అని అడగడానికి వచ్చాడు. ఉంచుతానన్నాను. అప్పటికే విజయవాడ ఆమెకి మాటిచ్చేసి ఉన్నాను, బహుమతి కోసం. నీకా మాట చెప్పలేక మీ అన్న మీదికి నెట్టాను. ఇంట్లో అడిగితే గొడవవుతుంది, అడగొద్దని కూడా నీకు చెప్పాను. మీ వాళ్లకేమో నువ్వే మానేశావని చెప్పాను. సాయిబుల ఇంట్లో అన్నయ్య వద్దన్నాడంటే ఎవరూ మారు ప్రశ్న వెయ్యరని నాకు తెలుసు. ఎవరూ వెయ్యలేదు. నువ్వు కూడా.

ఇది పోస్టు చేసి నేరుగా బాషా షామియానా షాపుకే వెళ్తున్నాను. నీకు చేరేసరికి ఆయనకీ తెలిసిపోయి ఉంటుంది. నన్ను క్షమించమని అడగను. ఆటకి రాకపోయినా అనుకోను. పండగ ఇంకా పదమూడు రోజులుంది. అందాకా ఆగకుండా మీ అన్నకి ఫోను చెయ్యి. ఎప్పటికైనా నువ్వు చేస్తావని ఆయన ఆ పాత నెంబరే ఉంచుకున్నాడు.